మందు గురించి మాట్లాడాల్సింది ఆ నాలుగు నెలల్లోనే

పోయిన వారం మా కాలేజీలో మాదకద్రవ్యాల మీద అవగాహన సదస్సు జరిగింది. ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అని బ్యానర్ కట్టారు. రాష్ట్ర పోలీసుల మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్ హెల్ప్‌లైన్ నంబరు 1972ను పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాశారు. వచ్చిన అధికారి గంజాయి కేసులో పేరు ఎక్కితే పాస్‌పోర్టు, ఉద్యోగం ఏమవుతాయో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పారు. పిల్లలు చెయ్యి చాపి ప్రతిజ్ఞ చేశారు, ఫోన్లలో ఈ-ప్రతిజ్ఞ నింపి సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు. అంతా అయిపోయి కుర్చీలు సర్దుతుంటే, పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నా దగ్గరికొచ్చి అడిగాడు: “సార్, గంజాయి యాడ దొరుకుతాదో నాకు తెల్దు. బ్రాందీ మాత్రం మా సందు చివర్లోనే దొరుకుతాది. దాని గురించి ఒక్కరు గూడ మాట్లాడలేదే?”

న్యాయమైన ప్రశ్న. గంజాయి మీద జరుగుతున్న పనిని నేను తక్కువ చేయడం లేదు, అది జరగాల్సిందే. కానీ కర్నూల్లో ఇంటర్ పిల్లల మధ్య చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా నేను చూసినంతలో, పదహారు నుంచి ఇరవై ఏళ్ల మధ్య కుర్రాళ్ల చేతికి ముందు వచ్చేది మందే. బర్త్‌డే పార్టీలో వస్తుంది, ఊరి దేవర జాతరలో వస్తుంది, పరీక్షలైపోయిన రాత్రి కేసీ కెనాల్ గట్టు మీద వస్తుంది. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మడం నేరం. పద్దెనిమిది నిండని పిల్లలకు మద్యం ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఈ రెండో సంగతి తెలిసిన తల్లిదండ్రులు నాకు చాలా అరుదుగా కనిపించారు.

నేను చెప్పదలుచుకున్నది ఇది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వడం వల్ల, ఫోన్లో ఒక క్విజ్ నింపించడం వల్ల పెద్దగా జరిగేదేమీ లేదు. ఇంటర్ పరీక్షలు అయిపోయినప్పటి నుంచి ఇంజినీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరేవరకు మూడు నాలుగు నెలలు ఖాళీ ఉంటుంది. ఆ నెలల్లో అమ్మానాన్నలు నోరు తెరిచి తాగొద్దని చెప్పాలి. అదే నెలల్లో పిల్లవాడి ఫోన్లోకి వాడికి నమ్మకం కలిగే సమాచారం చేరాలి. రెండూ కలిసి జరగాలి. దీని మీద నాకు అనుమానాలు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

ఒక్క క్వార్టరే సార్

పిల్లలు దొరికిపోయినప్పుడు చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఇదే. “ఒక్క క్వార్టరే సార్.” వాళ్ల ఉద్దేశంలో అది లెక్కలోకి రాని మోతాదు. నేను కెమిస్ట్రీ చెప్తాను కాబట్టి ఈ లెక్క వాళ్ల చేతే బోర్డు మీద వేయిస్తుంటాను. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో ఇథైల్ ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు. సాంద్రత 0.79తో గుణిస్తే బరువు సుమారు 61 గ్రాములు. ఒక్కసారి కూర్చుని 60 గ్రాములు, అంతకు మించి తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మితిమీరిన తాగుడు కింద లెక్కేస్తుంది. మనవాళ్లు ఏమీ కాదనుకునే ఒక్క క్వార్టర్ ఆ గీత దగ్గరికి కచ్చితంగా చేరుతుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతం దగ్గర ఉంటే అందులో 40 గ్రాముల పైన ఉంటుంది. “బీరే కదా” అనేవాళ్లకు ఆ లెక్క కూడా వేసి చూపించాలి.

పదిహేడేళ్లవాడు సాయంత్రం ఏమీ తినకుండా, పావుగంటలో, పందెం కట్టి తాగితే ఈ 61 గ్రాములు ఎలా పనిచేస్తాయో నేను ఒకసారి దగ్గర నుంచి చూశాను. స్నేహితులు వాణ్ని రూములో పడుకోబెట్టి, “నిద్రపోతే దిగిపోతుంది” అనుకుని చాలాసేపు అలాగే ఉంచారు. వాంతి గొంతుకు అడ్డం పడి గురగుర శబ్దం వస్తుంటే అప్పుడు భయపడి ఫోన్ చేశారు. ఆ ఫోన్ వాళ్ల నాయనకు చేయలేదు, నాకు చేశారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం, బతికాడు. మరి ఇంటికి ఎందుకు చేయలేదురా అని తర్వాత అడిగితే, “వాళ్ల నాయన సంపేస్తాడు సార్” అన్నారు. ఆ నాయన తర్వాతి రోజు ఆసుపత్రి వరండాలో నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. కొడుకు ప్రాణం మీదికి వచ్చిన రాత్రి, తన ఫోన్ మోగకపోవడానికి తనంటే పిల్లలకున్న భయమే కారణమని ఆయనకు ఎవరూ అంతకుముందు చెప్పలేదు.

2025 అక్టోబరులో చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్–బెంగళూరు బస్సు తగలబడి పందొమ్మిది మంది ప్రయాణికులు చనిపోయారు. బస్సు కింద ఇరుక్కున్న బైకు తాలూకు యువకుడు తాగి ఉన్నాడని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత కొన్నాళ్లు మా వీధుల్లో అదే చర్చ. ఎవరో తాగి ఎంతమందిని పొట్టన పెట్టుకున్నాడో అని అందరూ బాధపడ్డారు. అయితే ఆ చర్చ జరుగుతున్న ఇళ్లలోనే పద్దెనిమిదేళ్ల కొడుకులున్నారు, బైకులున్నాయి. టీవీ ముందు కూర్చుని వేరేవాళ్ల పిల్లల గురించి మాట్లాడినంత సేపు కూడా ఎదురుగా ఉన్న పిల్లవాడితో ఎవరూ మాట్లాడలేదు.

“మావాడు అట్లాంటోడు కాదు సార్”

తల్లిదండ్రులతో ఈ విషయం ఎత్తితే ముందు వచ్చే జవాబు అదే. రెండో జవాబు: “మనం చెప్తే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు అవుతాది.” పదో తరగతి దాటిన పిల్లవాడికి మనం కొత్తగా పుట్టించేదేమీ లేదు. వాడి రీల్సులో ఉంది, సినిమాలో ఉంది, చిన్నాయన కొడుకు పెళ్లిలో వెనక సందులో ఉంది. లేనిది అమ్మానాన్నల మాట మాత్రమే.

మన ఇళ్లలో తాగకూడదన్నది చెప్పకుండానే తెలిసే విషయంగా నడుస్తోంది. తల్లిదండ్రుల మౌనాన్ని పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారో క్లాసులో అడిగాను. ఒక అబ్బాయి చెప్పిన జవాబు ఇప్పటికీ మర్చిపోలేను: “మా నాయన సిగరెట్ గురించి రోజూ తిడతాడు సార్. మందు గురించి ఎప్పుడూ ఏమీ అన్లేదు. అంటే అది పర్లేదేమో అనుకున్నా.” ఆ అబ్బాయి ఎదురు తిరిగే రకం కాదు, నాన్న మాట వినేవాడే. నాన్న చెప్పనిదాన్ని కూడా విన్నాడు, అంతే.

మూడో జవాబు చదువుకున్న ఇళ్లలో ఎక్కువ. బయట తాగి పడిపోయే కంటే మన కళ్ల ముందు కొంచెం రుచి చూపిస్తే వాడికి మోజు తీరిపోతుందని. వినడానికి ఇది తెలివైన మాటలా ఉంటుంది, నేనూ కొన్నాళ్లు దీని గురించి ఆలోచించాను. ఆస్ట్రేలియాలో మ్యాటిక్, ఆయన సహచరులు 1,900 మందికి పైగా పిల్లల్ని ఆరేళ్లపాటు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఇంట్లో తల్లిదండ్రులే మద్యం ఇచ్చిన పిల్లలకు దానివల్ల రక్షణ దొరికినట్టు ఏ ఆధారమూ కనిపించలేదు. పైగా అలాంటి పిల్లలు ఆ తర్వాత బయట కూడా మద్యం సంపాదించుకోవడం, అతిగా తాగడం ఎక్కువగా కనిపించింది. దేవరకో, పెళ్లికో వచ్చిన మామ “ఒక్క గుక్క తాగరా, మగోడివి కదా” అని గ్లాసు అందించేటప్పుడు పక్కనున్న తల్లి నవ్వి ఊరుకోకూడదు. ఆ గ్లాసు అక్కడే ఆపాలి.

ఆడపిల్లల గురించి ఎవరూ అడగరు. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో ఉండే అమ్మాయికి ఈ పరిస్థితి ఎదురైతే ఇంటికి చెప్పుకోవడం అబ్బాయికంటే పది రెట్లు కష్టం. చెప్పాల్సిన మాట ఇద్దరికీ ఒకటే కావాలి.

ఇంట్లో మాట, ఫోన్లో లెక్క

ఇలాంటి కార్యక్రమాల మీద పరిశోధనల్లో నన్ను బాగా కదిలించింది నెదర్లాండ్స్‌లో జరిగింది. ఇనా కోనింగ్ బృందం స్కూళ్లను గుంపులుగా విడదీసింది. కొన్ని స్కూళ్లలో పిల్లలకు మాత్రమే కంప్యూటర్ మీద నాలుగు పాఠాలు చెప్పారు. కొన్నింటిలో తల్లిదండ్రులతో మాత్రమే సమావేశం పెట్టారు, ఆ సమావేశంలో క్లాసులోని తల్లిదండ్రులంతా కలిసి తమ పిల్లలకు పెట్టే నియమాలు ఇవీ అని ఒప్పుకున్నారు. కొన్నింటిలో రెండూ చేశారు. దాదాపు రెండేళ్ల తర్వాత చూస్తే, ఒక్కోటి విడిగా చేసిన చోట వారం వారం తాగే అలవాటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ కలిపి చేసిన చోట వచ్చింది. మూడేళ్ల దగ్గర చూసినా నిలిచింది. వాళ్ల పిల్లలు పన్నెండు, పదమూడేళ్లవాళ్లు, మనం మాట్లాడుతున్నది పదిహేడేళ్లవాళ్ల గురించి, ఆ తేడా ఉంది. పెద్దపిల్లల మీద అమెరికాలో రాబ్ టురిసి చేసిన పని మనకు ఇంకా దగ్గర. కాలేజీలో చేరబోయే పిల్లల తల్లిదండ్రులకు ఆయన ఒక చిన్న పుస్తకం పంపాడు. పిల్లవాడు ఇల్లు వదిలి వెళ్లకముందే, ఆ వేసవిలోనే ఎలా మాట్లాడాలో అందులో ఉంటుంది. దానికి తోడు కాలేజీలో పిల్లవాడితో విడిగా ఒక చిన్న సంభాషణ జరిపించారు. అక్కడ కూడా రెండూ కలిపినప్పుడే తాగుడు ఎక్కువగా తగ్గింది.

ఫోన్ చేయగలిగే పని ఒకటుంది, అది తల్లిదండ్రుల వల్ల కాదు. ‘అందరూ తాగుతున్నారు’ అనే నమ్మకాన్ని అది కదిలించగలదు. పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే ఇద్దరు 1986లోనే ఒక కాలేజీలో ఈ సంగతి చూపించారు. తోటివాళ్లు నిజంగా తాగేదానికంటే ఎక్కువ తాగుతారని పిల్లలు ఊహించుకుంటారు, ఆ ఊహకు తగ్గట్టు తామూ నడుచుకుంటారు. అందుకే ఆన్‌లైన్ కార్యక్రమాలు ముందు రెండు ప్రశ్నలు అడుగుతాయి: నువ్వు ఎంత తాగుతావు, నీ వయసువాళ్లు ఎంత తాగుతారని నీ అంచనా. తర్వాత అసలు లెక్క పక్కన పెట్టి చూపిస్తాయి.

మా క్లాసులో పేర్లు రాయకుండా చీటీల మీద ఇదే చేశాను. క్లాసులో సగం మందికి పైగా తాగుతారని చాలామంది రాశారు. తాగామని రాసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అబద్ధం రాసి ఉండొచ్చు కదా అంటే, రాసి ఉండొచ్చు. చేతిరాత సార్ గుర్తుపడతాడన్న భయం వాళ్లకు ఉంటుంది. ఫోన్లో పేరు లేకుండా నింపే ప్రశ్నల మీద నాకు ఆశ అందుకే. ఆ సమాధానం మాస్టారికీ, ఇంటికీ చేరదన్న నమ్మకం కలిగితేనే నిజం రాస్తారు. ఎయిమ్స్ వాళ్లు దేశవ్యాప్తంగా చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మద్యం తాగేవాళ్లు 1.3 శాతం. ఇది చిన్నపిల్లల్నీ, ఆడపిల్లల్నీ కలిపిన లెక్క కాబట్టి పంతొమ్మిదేళ్ల కుర్రాడికి దీన్ని అంటగట్టలేం. మన కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల లెక్క మనమే తీసి, మన పిల్లలకే చూపించాలి. అమెరికా పిల్లల లెక్క చూపిస్తే వీళ్లు పట్టించుకోరు.

ఇక అనుమానాలు. ఫోన్లో చేసే ఈ కార్యక్రమాల ప్రభావం సాధారణంగా చిన్నది, నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. స్వీడన్‌లో తల్లిదండ్రులతో చేసిన ఒరెబ్రో కార్యక్రమం 2008లో మంచి ఫలితం చూపించింది. తర్వాత వేరేవాళ్లు అదే దేశంలో మళ్లీ పరీక్షిస్తే ఆ స్థాయి ఫలితం రాలేదు. అక్కడి పిల్లలకు మద్యంతో ఉండే సంబంధం వేరు, మన పిల్లలది వేరు. ఇవన్నీ తెలిసి కూడా నేను దీని వైపే ఉన్నాను. ఇప్పుడు మనం చేస్తున్న ప్రతిజ్ఞ, ఉపన్యాసం, ర్యాలీలకు ఇంత మాత్రం ఆధారం కూడా లేదు.

తాగే నాయన ఏం చెప్పాలి

నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించిన ప్రశ్న ఇది. మన దగ్గర ఈ మాట చెప్పాల్సిన తండ్రుల్లో చాలామంది తాగుతారు. కొంతమంది రోజూ తాగుతారు. “నేను ఏ మొగం పెట్టుకుని చెప్పాల సార్?” అని అడుగుతారు. అది తప్పించుకునే మాట కాదు, నిజమైన సిగ్గుతో అడుగుతారు.

తల్లులతో చెప్పించొచ్చు అనుకున్నాను. కానీ తాగే భర్తతో ఏళ్లుగా పడుతున్న తల్లి కొడుకుతో మందు గురించి మాట్లాడితే, అది చివరికి భర్త మీద ఫిర్యాదు అవుతుంది. పిల్లవాడు ఇద్దరి మధ్యా ఇరుక్కుని తల వంచుకుంటాడు. పైగా మా వైపు మగపిల్లలు ఈ విషయంలో అమ్మ మాటను ప్రేమతో వింటారు, నాయన మాటను నియమంగా వింటారు. ఇది మంచిదని అనను. ఉన్నది ఇదీ.

వేరుశెనగ వ్యాపారం చేసే ఒక తండ్రి తన కొడుకుతో ఎలా మాట్లాడాడో నాకు చెప్పాడు. కొడుక్కి అనంతపురంలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. సామాన్లు సర్దడానికి ముందు ఒక పొద్దున, తాగకుండా ఉన్న సమయం చూసుకుని, కొడుకుని మిద్దె మీదికి పిలిచాడు. “నేను తాగుతానని నీకు తెలుసు. తాగొద్దని నేను చెప్తే నీకు నవ్వొస్తాది. అయినా చెప్తాండా. నీ వయసులో దోస్తులు పిలిచినారని మొదలుపెట్టినా. మానాలని రెండు తూర్లు చూసినా, నాతోని కాలేదు. నువ్వు చదువు అయ్యేదాకా ముట్టొద్దు. ఒకవేళ ఎప్పుడన్నా తప్పు జరిగి బాగలేకుండా పడినావంటే, రాత్రి రెండైనా సరే నాకు ఫోన్ చెయ్యి. ఆ రాత్రి ఒక్క మాట అనను, వచ్చి తీసకపోతా. తెల్లారినాక మాట్లాడుకుందాం.”

ఈ మాటల్లో కావాల్సినవన్నీ ఉన్నాయి. నియమం స్పష్టంగా ఉంది, కారణం తన బతుకులోంచే వచ్చింది, ఆపదలో తలుపు తెరిచే ఉంది. నియమం గట్టిగా పెడుతూనే ‘పడితే ఫోన్ చెయ్యి’ అనడం మెతకదనం కాదా అని ఒక సహోద్యోగి నాతో వాదించాడు. పిల్లవాడు దాన్ని అనుమతిగా తీసుకుంటాడని ఆయన భయం. పెద్దాసుపత్రి వరండాలో ఏడ్చిన తండ్రిని చూసిన తర్వాత నాకు ఆ భయం చిన్నదిగా అనిపిస్తోంది. తెల్లారాక మాట్లాడతానని చెప్పడంలో నియమం అలాగే ఉంది, వాయిదా పడిందల్లా తిట్లే.

తాగుడు మానాలనుకుని మానలేకపోతున్న తండ్రులకు 14446 అనే జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ ఉంది, 14416కు చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. కొడుకు కోసం మొదలుపెట్టిన మాట తండ్రిని ఆ నంబరు దాకా తీసుకెళ్తే ఇంటికి రెండు మేళ్లు.

షాపుల సంగతేంటి అంటే

ఈ వాదనకు వచ్చే బలమైన అభ్యంతరం ఇది. వీధి వీధికీ షాపు పెట్టి, 99 రూపాయలకు క్వార్టర్ అమ్ముతూ, తల్లిదండ్రుల్ని పిల్లలతో మాట్లాడమనడం అన్యాయం కదా అని. 2019 నుంచి ప్రభుత్వమే షాపులు నడిపింది, 2024 అక్టోబరు నుంచి ప్రైవేటువాళ్లు నడుపుతున్నారు. బోర్డు మారింది, కౌంటర్లో వయసు అడిగేవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. ఆదోని, మంత్రాలయం వైపు కర్ణాటక మద్యం టెట్రా ప్యాకెట్లు జేబులో పెట్టుకుని తిరగొచ్చు. ఊళ్లలో బెల్టు షాపువాడికి పిల్లవాడి నాయన పేరు కూడా తెలుసు, అయినా అమ్ముతాడు.

ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఇంట్లో మగవాళ్లకు నచ్చజెప్పడం చాలకే. వాళ్లు దుకాణాలు మూయించారు, మరుసటి సంవత్సరం సారా నిషేధం వచ్చింది. 21 ఏళ్ల నియమం అమలు చేయమని అడగడం, బెల్టు షాపు మీద ఫిర్యాదు చేయడం తల్లిదండ్రుల కార్యక్రమంలో భాగమే కావాలి. కానీ అది జరిగేదాకా ఇంట్లో మాట ఆపుకోవడానికి మన పిల్లలకు అంత సమయం లేదు. ఈ ఆగస్టులో హాస్టల్‌కు వెళ్లేవాడు ఈ ఆగస్టులోనే వెళ్తాడు.

నంబర్లు అందరి దగ్గరా ఉన్నాయి

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పిల్లవాడు ఒక్క పూట రాకపోతే “మీ అబ్బాయి ఈరోజు గైర్హాజరు” అని తండ్రి ఫోన్‌కు మెసేజీ వెళ్తోంది. ఇంటర్ హాల్‌టికెట్టు ప్రభుత్వం నడిపే మన మిత్ర వాట్సాప్‌లోనే తీసుకుంటున్నాం. 2024 డిసెంబరులో మొదలైన మెగా పేరెంట్ టీచర్ మీటింగులకు తల్లిదండ్రులు పనులు మానుకుని మరీ వస్తున్నారు. ఈఏపీసెట్ ఫలితాల నుంచి కౌన్సెలింగ్ దాకా ప్రతి తల్లీ తండ్రీ ఫోన్ చూసుకుంటూనే కూర్చుంటారు. మాట్లాడాల్సింది, వినిపించాల్సింది అప్పుడే. రెండు నిమిషాల ఆడియోలు, మన యాసలో, ఒక తండ్రి మరో తండ్రికి చెప్తున్నట్టు. పిల్లలకు విడిగా, పేరు అడగని ఒక లింకు. చేరిన మొదటి రోజున ఆ క్లాసు తల్లిదండ్రులంతా కూర్చుని మన పిల్లలకు ఇదీ నియమం అని ఒప్పుకునే ఒక గంట. మా ప్రిన్సిపాల్‌కు ఇది రాసి ఇచ్చాను. తల్లిదండ్రులు నొచ్చుకుంటారేమో, అడ్మిషన్లు తగ్గుతాయేమో అని టెన్షన్ పడుతున్నారు. పత్తికొండ నుంచి వచ్చిన తండ్రి మాటలు ఆయనకు చెప్పాను. ఆలోచిస్తామన్నారు. నేను మళ్లీ అడుగుతాను.

నాకు దారి దొరకనిది వలస వెళ్లే ఇళ్ల విషయంలో. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలు వెళ్లిపోతాయి. పిల్లవాడు జేజి దగ్గరో, హాస్టల్లోనో ఉంటాడు. తండ్రి ఫోన్లో రీచార్జి ఉండదు, ఉంటే పొద్దుపోయాక గుడిసె దగ్గర అరగంట. జేజికి చదువు రాదు, మనవడంటే ప్రాణం, కోప్పడడం చేతకాదు. అలాంటి ఇంటికి ఆ ఆడియో ఎవరి ఫోన్‌కు పంపాలి, నియమం ఎవరు చెప్పాలి? వాళ్లు ఉగాదికి ఊరికి వచ్చే నాలుగు రోజుల్లోనే ఆ సమావేశం ఆ ఊళ్లోనే పెట్టాలని నాకనిపిస్తోంది. ఆ మండలాల్లో పనిచేసే టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు, సంఘం లీడర్లు ఎవరైనా ఇంతకంటే మేలైన మార్గం చూసి ఉంటే దయచేసి చెప్పండి, మా కాలేజీకి ఇచ్చిన కాగితంలో దాన్ని కూడా చేరుస్తాను.